సంస్థల్లో వ్యూహాత్మక నాయకత్వం

ఒక సంస్థ ఏ దారిన వెళ్లాలి, డబ్బూ మనుషుల్నీ దేనికి కేటాయించాలి, దేన్ని వదిలేయాలి అన్న వాటి మీద పైస్థాయిలో ఉన్నవాళ్లు తీసుకునే నిర్ణయాలనూ, అవి ఫలించేదాకా సంస్థను నిలబెట్టుకొచ్చే పనినీ కలిపి వ్యూహాత్మక నాయకత్వం అంటారు. మామూలు నాయకత్వానికీ దీనికీ తేడా కాలంలో ఉంది. మేస్త్రీ పొద్దున పురమాయించిన పని సరిగా పురమాయించాడో లేదో సాయంత్రానికి తేలిపోతుంది. కొత్త ప్లాంటు పెట్టాలన్న బోర్డు నిర్ణయం మంచిదో కాదో తేలడానికి పదేళ్లు పట్టవచ్చు. అప్పటికి ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లు రిటైరై ఉంటారు. నిర్ణయానికీ ఫలితానికీ మధ్య ఉన్న ఈ ఎడమే ఈ విషయంలోని కష్టమంతా. నాయకత్వ సిద్ధాంతాల్లో ఎక్కువ భాగం దగ్గరి నాయకుణ్ణి, అంటే ఫోర్‌మన్‌నో సెక్షన్ ఆఫీసర్‌నో, చూసి అల్లినవి. వాటిని పై అంతస్తుకు ఉన్నవి ఉన్నట్టు ఎక్కిస్తే కొన్ని నిలబడతాయి, కొన్ని నిలబడవు.

పదం పుట్టుక

వ్యూహం అన్న మాట మనకు యుద్ధరంగం నుంచే వచ్చింది. భారతం విన్నవాళ్లకు పద్మవ్యూహం తెలుసు. సేనను నిలిపే తీరుకు ఆ పేరు. గ్రీకు భాషలో స్ట్రాటెగోస్ అంటే సేనాని, ఇంగ్లిషు మాట స్ట్రాటజీకి అదే మూలం. పాలకుడు ఎలా ఉండాలన్న ఆలోచన మన వైపు కొత్తది కాదు. కౌటిల్యుడు రాజ్యానికి ఏడు అంగాలు చెప్పి స్వామిని మొదట నిలిపాడు. బద్దెన రాసిన నీతిశాస్త్ర ముక్తావళి పూర్తిగా రాజనీతి గ్రంథం. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు కొడుక్కి చేసిన బోధగా రాజనీతిని చెప్పించాడు. మంత్రుల ఎంపిక నుంచి చెరువులు, కాలువల దాకా అందులో ఉన్నాయి. అది పరిపాలన చేస్తున్నవాడు రాసింది కాబట్టి దాని బరువు వేరు.

ఆధునిక సంస్థల విషయానికొస్తే, న్యూజెర్సీ బెల్ టెలిఫోన్ కంపెనీ అధ్యక్షుడిగా పనిచేసిన చెస్టర్ బర్నార్డ్ 1938లో కార్యనిర్వాహకుల పని మీద రాసిన పుస్తకం తొలి మెట్టు. ఫిలిప్ సెల్జ్‌నిక్ 1957లో ఇంకో అడుగు వేశాడు. రోజువారీ పరిపాలన వేరు, సంస్థకు ఒక విలువనూ వ్యక్తిత్వాన్నీ కల్పించే నాయకత్వం వేరు అని గీత గీశాడు. ఆల్ఫ్రెడ్ చాండ్లర్ 1962లో డ్యుపాంట్, జనరల్ మోటార్స్, స్టాండర్డ్ ఆయిల్, సియర్స్ కంపెనీల చరిత్ర తిరగేసి, వ్యూహం మారినప్పుడు సంస్థ నిర్మాణం కూడా మారక తప్పలేదని చూపించాడు.

లక్షణాల వేట

నాయకుడు పుట్టుకతోనే నాయకుడా? పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా అవునంది. థామస్ కార్లైల్ 1840లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో చరిత్ర అంటే మహాపురుషుల చరిత్రే అన్నాడు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1869లో ప్రతిభ వంశపారంపర్యంగా వస్తుందని లెక్కలు కట్టాడు. ఆ తర్వాత ఎత్తు, గొంతు, తెలివి, ఆత్మవిశ్వాసం, మాటకారితనం అంటూ జాబితాలు పెరుగుతూ పోయాయి. 1948లో రాల్ఫ్ స్టాగ్‌డిల్ అప్పటిదాకా వచ్చిన 124 అధ్యయనాలను ముందేసుకుని కూర్చున్నాడు. ఫలానా లక్షణాలు ఉంటే ఎక్కడైనా నాయకుడవుతాడని చెప్పడానికి ఆధారం లేదని తేల్చాడు. ఒకచోట నాయకుడైనవాడు మరోచోట కాకపోవచ్చు.

లక్షణాల చర్చ అంతటితో ముగిసిపోలేదు. టిమోతీ జడ్జ్, సహచరులు 2002లో పాత అధ్యయనాలను కలిపి లెక్కించి, కలుపుగోలుతనం, పనిలో నిబద్ధత, కొత్తదాన్ని స్వీకరించే గుణం, మానసిక స్థిమితం నాయకత్వంతో ఎంతోకొంత ముడిపడి ఉన్నాయని చూపించారు. అందులోనూ ఒక మెలిక ఉంది: నలుగురి కళ్లకూ నాయకుడిలా కనిపించడం, నిజంగా సంస్థను బాగా నడపడం ఒకటి కావు. కలుపుగోలుతనం మొదటిదానికి ఎక్కువగా పనికొస్తుంది.

పైస్థాయి నాయకులకు ప్రత్యేకంగా కావలసినవేమిటన్న ప్రశ్నకు కింబర్లీ బోల్, రాబర్ట్ హూయ్‌బర్గ్ 2001లో మూడింటిని చెప్పారు: కొత్త విషయాన్ని గ్రహించి వాడుకునే శక్తి, మారే శక్తి, ఏ పని ఎప్పుడు చేయాలో తెలిసిన వివేకం. ఈ మూడోదానికి తెలుగులో సమయజ్ఞత అన్న చక్కని మాట ఉంది. ముందుచూపు అందరూ పొగిడే గుణమే. కానీ సమయజ్ఞత లేని ముందుచూపు సంస్థను ముంచిన సందర్భాలు తక్కువేమీ కాదు. ఈస్ట్‌మన్ కోడక్‌లో డిజిటల్ కెమెరా 1975లోనే తయారైంది. కంపెనీ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. ఆ 37 ఏళ్లలో రాబోయేదేమిటో అక్కడి వాళ్లకు తెలియక కాదు. లాభాలు కురిపిస్తున్న ఫిల్మును ఎప్పుడు, ఎంత వదులుకోవాలన్నదే తేలలేదు.

లక్షణాల గురించి రాసేవాళ్లు ఎక్కువగా పడే గుంట ఒకటుంది. గెలిచినవాణ్ణి ముందు ఎంచుకుని, అతనిలో ఏముందో తర్వాత వెతుకుతారు. జిమ్ కాలిన్స్ 2001లో 11 అమెరికన్ కంపెనీలను ఎంచి, వాటి అధిపతుల్లో వినయం, పట్టుదల కలిసి ఉన్నాయన్నాడు. ఆ మాట చాలామందికి నచ్చింది, నచ్చదగినదే. కానీ ఆ 11లో ఒకటైన సర్క్యూట్ సిటీ 2008లో దివాలా తీసింది. కంపెనీ వెలుగుతున్నప్పుడు ధైర్యం అన్నదాన్నే అది ఆరిపోయాక మొండితనం అంటాం.

గదిలోంచి బయటికి వెళ్తే

లక్షణాలతో విసిగినవాళ్లు ప్రవర్తన వైపు తిరిగారు. అమెరికాలోని అయోవాలో కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ చేసిన ప్రయోగాలు 1939లో వెలువడ్డాయి. పదేళ్ల వయసు పిల్లలను చిన్న చిన్న క్లబ్బులుగా చేసి, ముఖాలకు తొడుక్కునే మాస్కుల తయారీ లాంటి పనులు అప్పగించారు. ఒక పెద్దమనిషి ప్రతిదీ తానే ఆజ్ఞాపించాడు. మరొకరు పిల్లలతో మాట్లాడి నిర్ణయించారు. ఇంకో తరహాలో పెద్దమనిషి జోక్యమే చేసుకోలేదు. ఈ ప్రయోగంలో అన్నిటికన్నా విలువైన క్షణం పెద్దమనిషి గదిలోంచి బయటికి వెళ్లినప్పుడు వచ్చింది. ఆజ్ఞల మీద నడిచిన గుంపులో పని చప్పబడింది. చర్చించుకుని నడిచిన గుంపులో దాదాపు అదే తీరున సాగింది. పైస్థాయి నాయకుడి పరీక్ష కూడా ఇదే, కాకపోతే అతను బయటికి వెళ్లేది పది నిమిషాలకు కాదు.

ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనలు నాయకుడి ప్రవర్తనను రెండు పాయలుగా చూశాయి: పనిని ఒక క్రమంలో పెట్టడం, మనుషులను పట్టించుకోవడం. అక్కడి ఎడ్విన్ ఫ్లైష్‌మన్ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ఫోర్‌మన్‌లను పరిశీలించి ఒక ముఖ్యమైన సంగతి బయటపెట్టాడు. మనుషులతో మంచిగా మెలగడం మీద వాళ్లకు శిక్షణ ఇచ్చారు. శిక్షణ ముగిసేసరికి మారినట్టే కనిపించారు. తిరిగి ప్లాంటుకు వెళ్లాక మాత్రం పై అధికారి ఎలా ఉంటే వాళ్లూ అలాగే అయ్యారు. యథా రాజా తథా ప్రజా అన్న మాటకు ఫ్యాక్టరీలో దొరికిన రుజువిది. పై అంతస్తును వదిలేసి కింది అంతస్తును బాగుచేయడం ఎందుకు కుదరదో దీన్నిబట్టి తెలుస్తుంది.

పరిస్థితి చెప్పినట్టు

అన్నిచోట్లా చెల్లే ఒకే తీరు లేదని తేలాక, ఏ పరిస్థితికి ఏ తీరు అన్న ప్రశ్న మిగిలింది. ఫ్రెడ్ ఫీడ్లర్ 1967లో నాయకుడి స్వభావం తొందరగా మారదు కాబట్టి స్వభావానికి తగ్గ చోటు చూపించడం మేలన్నాడు. పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ 1969లో దీనికి ఎదురుగా వెళ్లారు: కింద పనిచేసేవాళ్ల సామర్థ్యం పెరిగేకొద్దీ నాయకుడే తీరు మార్చుకోవాలి. రాబర్ట్ హౌస్ 1971లో గమ్యానికి దారి సుగమం చేయడమే నాయకుడి పని అన్నాడు.

భారతీయ కార్యాలయాలను చూసి పుట్టిన సిద్ధాంతం ఒకటుంది, దానికి రావలసినంత పేరు రాలేదు. పట్నాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జె.బి.పి. సిన్హా 1980లో పోషిస్తూ పనిచేయించే నాయకుడి గురించి రాశాడు. మన దగ్గర కింది ఉద్యోగి పైవాడిలో ఒక పెద్దదిక్కును వెతుక్కుంటాడు. “మీరెలా చెబితే అలాగే సార్” అనే మనిషికి తొలిరోజే పూర్తి స్వేచ్ఛ ఇస్తే అతను దాన్ని నిర్లక్ష్యంగా భావిస్తాడు. అలాగని గద్దిస్తూనే ఉంటే ఎప్పటికీ ఎదగడు. ఆప్యాయత చూపాలి, అది పని చేసినందుకే దక్కుతుందని తెలియజేయాలి, చేయి తిరిగేకొద్దీ నిర్ణయాల్లో భాగం ఇవ్వాలి. మన ఆఫీసుల్లో పనిచేసిన ఎవరికైనా ఇది కళ్లకు కట్టినట్టుంటుంది. రాబర్ట్ హౌస్ నాయకత్వంలో 62 సమాజాల్లో జరిగి 2004లో పుస్తకంగా వచ్చిన గ్లోబ్ అధ్యయనం కూడా నాయకుడి నుంచి జనం ఆశించేవి సంస్కృతిని బట్టి కొంత మారతాయని చూపింది. నిజాయితీని మాత్రం ఎక్కడివాళ్లైనా కోరుకుంటున్నారు.

ఆకర్షణ, పరివర్తన, సేవ

మాక్స్ వేబర్ అధికారాన్ని మూడు రకాలుగా విడదీసి, వ్యక్తి ఆకర్షణ మీద నిలిచే అధికారం ఎక్కువ కాలం అలాగే ఉండలేదన్నాడు. అది సంప్రదాయంగానో నియమంగానో మారాలి, లేదా చెదిరిపోవాలి. జేమ్స్ మాక్‌గ్రెగర్ బర్న్స్ 1978లో ఇచ్చిపుచ్చుకునే నాయకత్వాన్నీ, అనుచరుల ఆశయాలనే పైకెత్తే పరివర్తన నాయకత్వాన్నీ వేరుచేశాడు. బర్న్స్ దృష్టి రాజకీయ నాయకుల మీద; 1985లో బెర్నార్డ్ బాస్ దాన్ని సంస్థల్లోకి తెచ్చాడు. ఏటీ అండ్ టీలో జీవితమంతా పనిచేసి వచ్చిన రాబర్ట్ గ్రీన్‌లీఫ్ 1970లో సేవకుడే నాయకుడన్న ఆలోచనను ముందుపెట్టాడు.

ఈ చివరి మాట వినడానికి ఉపన్యాసంలా ఉంటుంది. మదురైలో మాత్రం అది ఆపరేషన్ థియేటర్ రూపం దాల్చింది. ప్రభుత్వ వైద్యుడిగా రిటైరైన డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో, 58 ఏళ్ల వయసులో, 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టాడు. కీళ్లవాతంతో ఆయన వేళ్లు వంకర్లు తిరిగి ఉండేవి. ఆ వేళ్లతోనే శస్త్రచికిత్సలు చేశాడు. థియేటర్‌లో రెండు బల్లలు పక్కపక్కన ఉంటాయి. ఒక రోగికి శుక్లం తీయడం పూర్తికాగానే సర్జన్ అటు తిరుగుతాడు, అక్కడ రెండో రోగి సిద్ధంగా ఉంటాడు. ఈలోగా మొదటి బల్ల మీదికి మూడో రోగి వస్తాడు. ఈ సిద్ధం చేసే పనంతా పల్లెల నుంచి తీసుకుని తర్ఫీదు ఇచ్చిన అమ్మాయిలది. డబ్బు కట్టగలిగినవాళ్ల రుసుముతో కట్టలేనివాళ్ల చికిత్స నడుస్తుంది. కంట్లో అమర్చే లెన్సు దిగుమతి ధర పేదలకు అందదని 1992లో ఆరోల్యాబ్ పెట్టి సొంతంగా తయారుచేసుకున్నారు. వెంకటస్వామి 2006లో కన్నుమూశాడు. థియేటర్లో బల్లలు ఇప్పటికీ రెండేసి ఉన్నాయి.

పై అంతస్తు సిద్ధాంతం

ఇక్కడిదాకా చెప్పిన సిద్ధాంతాలు నాయకుడికీ అనుచరుడికీ మధ్య జరిగేదాన్ని చూశాయి. డొనాల్డ్ హాంబ్రిక్, ఫిలిస్ మేసన్ 1984లో చూపు మార్చారు. సంస్థ అన్నది దాని పైస్థాయి మనుషుల ప్రతిబింబం అన్నారు. అందరి ముందూ ఉన్న సమాచారం ఒకటే అయినా, ఇంజినీరుగా పెరిగిన అధిపతి ఒకటి చూస్తాడు, అకౌంట్స్ నుంచి వచ్చినవాడు ఇంకొకటి చూస్తాడు. వయసు, చదువు, చేసిన ఉద్యోగాలు మనిషి కళ్లకు ఒక రంగు అద్దం పెడతాయి. అందుకే ఒక్క సీఈఓను కాదు, అతని చుట్టూ ఉన్న బృందం మొత్తాన్ని చూడాలి. అందరూ ఒకే అచ్చులో పోసినవాళ్లైతే అందరికీ కనిపించనిది కూడా ఒకటే అవుతుంది.

హాంబ్రిక్ 1991లో గ్రెగరీ ఫుకుటోమితో కలిసి పదవీకాలానికి రుతువులు చెప్పాడు. మొదట అప్పగించిన పని చక్కబెడతాడు, తర్వాత ప్రయోగాలు చేస్తాడు, ఒక బాణీ ఎంచుకుంటాడు, దానికి మెరుగులు దిద్దుతాడు. చివరి దశలో ఆ బాణీలోనే ఇరుక్కుంటాడు.

శ్రీహరికోటలో రెండు రోజులు

నిర్ణయానికీ ఫలితానికీ మధ్య ఉన్న కాలాన్ని మోయడం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే శ్రీహరికోట తీరానికి వెళ్లాలి. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ తొలి ప్రయోగం. లోపం ఉందని కంప్యూటర్ కౌంట్‌డౌన్ ఆపింది. మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం నిపుణులను సంప్రదించి, కంప్యూటర్‌ను పక్కనపెట్టి ప్రయోగించాడు. రెండో దశ అదుపు తప్పి రాకెట్ బంగాళాఖాతంలో కూలింది. బయట విలేకరులు కాచుకుని ఉన్నారు. ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ కలాంను వెంటబెట్టుకుని వెళ్లి తానే మాట్లాడాడు. వైఫల్యానికి బాధ్యత తీసుకున్నాడు, తన బృందం మీద నమ్మకం ఉందన్నాడు. 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు ధావన్ వెనక్కి తగ్గి, విలేకరులతో నువ్వే మాట్లాడు అని కలాంను ముందుకు తోశాడు. కలాం ఈ సంగతి తర్వాత ఎన్నో సభల్లో చెప్పాడు.

ఇది మంచి మనసున్న పెద్దాయన కథగా చెప్పుకుంటారు, అది నిజమే. కానీ ఇందులో వ్యూహం కూడా ఉంది. ఆ రోజు కలాంను బలిచ్చి ఉంటే, ఆ తర్వాత శ్రీహరికోటలో ఏ ఇంజినీరూ సొంతంగా నిర్ణయం తీసుకునేవాడు కాదు. 1972లో ఇస్రో పగ్గాలు పట్టేటప్పుడు ధావన్ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్ పదవిని వదలనని షరతు పెట్టాడు. విఫలమైన ప్రతిదాన్నీ విప్పి చూసే సమీక్షలను ఇస్రోలో అలవాటుగా మార్చాడు. ఆయన హయాంలో, 1982లో అనుమతి పొందిన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ 1993 తొలి ప్రయోగంలో విఫలమై, 1994లో గెలిచింది. ధావన్ ఛైర్మన్ పదవి వీడి అప్పటికి పదేళ్లు.

దారి మార్చుకోవడం

ఇంటెల్ 1968లో పుట్టింది మెమరీ చిప్‌లతో. 1980ల్లో జపాన్ కంపెనీలు ఆ మార్కెట్‌ను లాగేసుకున్నాయి. 1985లో ఆండీ గ్రోవ్ తన పైవాడైన గోర్డన్ మూర్‌ను ఒక ప్రశ్న అడిగాడు: బోర్డు మనల్ని పంపేసి కొత్తవాణ్ణి తెస్తే అతనేం చేస్తాడు? మెమరీ నుంచి బయటపడతాడు అన్నాడు మూర్. అయితే ఆ పని మనమే ఎందుకు చేయకూడదు అన్నాడు గ్రోవ్. ఈ సంభాషణను అందరూ చెప్తారు. రాబర్ట్ బర్గల్‌మన్ పరిశోధన బయటపెట్టిన మిగతా సగం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఇంటెల్‌లో ఫ్యాక్టరీ సామర్థ్యాన్ని ఎక్కువ లాభం తెచ్చే చిప్‌కు ముందు ఇవ్వాలన్న నియమం ఉండేది. దాన్ని పాటిస్తూ మధ్యస్థాయి మేనేజర్లు అప్పటికే మైక్రోప్రాసెసర్ల వైపు జరిగిపోయారు. పైవాళ్లు ప్రకటించింది కింద చాలావరకు జరిగిపోయినదాన్నే. వ్యూహం ఎప్పుడూ పైనుంచే దిగుతుందనుకునేవాళ్లు ఈ సగాన్ని మరవకూడదు.

హైదరాబాద్‌లో పుట్టి బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. రెండు నెలలు తిరక్కుండానే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ యాపిల్ ఐప్యాడ్‌లోకి వెళ్లింది. మరుసటి ఏడాది నోకియా ఫోన్ల కొనుగోలు మీద 760 కోట్ల డాలర్లు రద్దు పద్దులో రాశారు. క్లౌడ్ మీద పందెం కాశారు. ఇందులో ఐప్యాడ్ పని ముందరి సీఈఓ స్టీవ్ బామర్ కాలంలోనే మొదలైంది; క్లౌడ్ సేవ అజూర్‌ను 2008లోనే ప్రకటించారు. ఒకరు నాటిన చెట్టు ఇంకొకరి హయాంలో కాయడం ఈ రంగంలో మామూలు. పైగా నోకియా ఒప్పందం కూడా ముందరివాళ్ల నుంచి వచ్చిందే. ఏ వారసత్వాన్ని పెంచాలి, దేన్ని కత్తిరించాలి అన్న ఎంపిక మాత్రం కొత్తగా వచ్చినవారిదే.

తప్పిన చోట

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ హైదరాబాద్‌ను కుదిపేసింది. ఖాతాల్లో చూపిన 5,000 కోట్ల రూపాయలకు పైగా నగదు అసలు లేదు. అంతకు కొన్ని నెలల ముందే ఆ కంపెనీకి కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. ఆకర్షణ, దూరదృష్టి, దాతృత్వం అని పుస్తకాలు చెప్పే లక్షణాలన్నీ ఆ మనిషిలో ఉన్నాయని ఊరంతా అనుకుంది. లక్షణాల జాబితా బోర్డుకు బదులు కాలేదని ఇంతకన్నా బాధాకరంగా ఎవరూ చెప్పలేరు.

ఆ తర్వాతి మూడు నెలల గురించి తక్కువమంది మాట్లాడతారు. ప్రభుత్వం పాత బోర్డును తొలగించి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ తదితరులను నియమించింది. వాళ్లకు అందులో వాటా లేదు, సంస్థ వాళ్లది కాదు. నెలాఖరుకు జీతాలు వేయాలి, క్లయింట్లు జారిపోకుండా చూడాలి, కొనేవాణ్ణి వెతకాలి. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రాను ఎంచి సంస్థను దాని చేతికి అప్పగించారు. వేల కుటుంబాలు రోడ్డున పడకుండా కాపాడిన ఆ పని పాఠ్యపుస్తకాల్లో ఇంకా పెద్ద చోటు దక్కించుకోవాలి.

అసలు నాయకుడి ప్రభావమెంత?

స్టాన్లీ లీబర్‌సన్, జేమ్స్ ఓకానర్ 1972లో 167 పెద్ద కంపెనీల రెండు దశాబ్దాల లెక్కలు చూశారు. అమ్మకాలు, లాభాల హెచ్చుతగ్గుల్లో ఎక్కువ భాగం పరిశ్రమ తీరును బట్టి, కంపెనీ స్థితిని బట్టి వచ్చిందే. అధిపతి మారినందువల్ల వచ్చింది కొద్ది. అయితే లాభశాతాన్ని కొన్నేళ్లు ఆగి కొలిస్తే అధిపతి వాటా పెరిగింది. జేమ్స్ మైండల్, సహచరులు 1985లో నాయకత్వం మీద మనకున్నది ఒక రకమైన మోజు అన్నారు: ఫలితాలు మరీ బాగున్నా, మరీ చెడ్డగా ఉన్నా కారణం నాయకుడే అనుకుంటాం.

ఈ వాదం రెండు వేల ఏళ్ల నాటిది. రాజుకు ఆపద రావడం పెద్ద కష్టమా, మంత్రులకు రావడమా అన్న తర్కం అర్థశాస్త్రంలో ఉంది. మంత్రులకు వస్తేనే కష్టమని భారద్వాజుడు అన్నట్టు చెప్పి, కాదు రాజుకు వస్తేనే అని కౌటిల్యుడు తీర్పిచ్చాడు. మంత్రుల్ని ఎంచేదీ, తప్పు చేస్తే మార్చేదీ రాజే కదా అన్నది ఆయన వాదన. పై అంతస్తు సిద్ధాంతకర్తలు ఇంచుమించు అక్కడికే వచ్చారు.

నేర్పడం

1956లో ఏర్పడి హైదరాబాద్‌లో బెల్లా విస్టా భవనంలో నడుస్తున్న అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా ఇంగ్లండ్‌లోని హెన్లీ కాలేజీ నమూనాలో మొదలైంది. అక్కడి పద్ధతిని సిండికేట్ అంటారు. ప్రభుత్వరంగ ఇంజినీరు, బ్యాంకు అధికారి, ప్రైవేటు కంపెనీ మేనేజరు, సివిల్ సర్వీసు అధికారి ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒక సమస్య మీద వాదించి ఉమ్మడి నివేదిక రాయాలి. ఉపన్యాసం కన్నా ఇది మేలైన శిక్షణ. ఎందుకంటే తన రంగు అద్దం ఏమిటో మనిషికి పక్కవాడి అద్దం చూస్తేనే తెలుస్తుంది. కోర్సు ముగిశాక ఆ ఇంజినీరు తిరిగి తన ప్లాంటుకే వెళ్తాడు. అక్కడ అతని మీద ఎవరున్నారన్న ఫ్లైష్‌మన్ ప్రశ్న అతని కోసం గేటు దగ్గరే కాచుకుని ఉంటుంది.